పార్సిల్ నూడుల్స్

వాడపల్లిలో చైనీస్ రెస్టారెంట్ ఎక్కడుందని అడిగితే నవ్వుతారు. ఇక్కడికి జనం వచ్చేది వెంకన్న కోసం. ఏడు శనివారాలు మొక్కుకుని, గుడి చుట్టూ ఏడేసి ప్రదక్షిణలు చేసి, ప్రసాదం తిని వెళ్ళిపోతారు. మంచి నూడుల్స్ కావాలంటే రావులపాలెం వెళ్ళాల్సిందే. చీకటి పడే వేళకి అక్కడ హైవే దాపున ఫాస్ట్‌ఫుడ్ బండ్లు లైట్లు వేసుకుంటాయి. ఎర్ర అక్షరాలతో 'చైనీస్' అని రాసి, పక్కన డ్రాగన్ బొమ్మ. ఒక బండి మీద డ్రాగన్‌కి మా వైపు పెయింటరు కోరమీసాలు కూడా పెట్టాడు.

కొన్నేళ్ళుగా ఈ బండ్లన్నీ తిరిగాను. మంచి బండికి నాకు తెలిసిన గుర్తు ఒకటే: దగ్గర నిలబడితే దగ్గు రావాలి. కాలిన ఇనప మూకుడులో పచ్చిమిర్చి, వెల్లుల్లి పడి, ఆ మీద వెనిగర్ చిలకరిస్తే వచ్చే ఘాటు అది. మంట చిన్నదైతే క్యాబేజీ నీరు వదిలి మొత్తం పులుసు కూరైపోతుంది. నూడుల్స్ మధ్యాహ్నమే ఉడికించి, చల్లార్చి, నూనె రాసి పెట్టుకోవాలి. అప్పుడే పోగుకి పోగు విడిగా ఉంటుంది. సోయా సాస్ కాస్త మాడిన వాసన రావాలి గాని నల్లగా అయిపోకూడదు. ఆ పైన మా వాళ్ళు చిటికెడు గరం మసాలా, కారం వేసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క పెట్టి ఇస్తారు. నాకు ఇష్టమైనది ఎగ్ నూడుల్స్. తర్వాత గోబీ మంచూరియా, అదీ గ్రేవీ లేకుండా. "రంగు వెయ్యకండి" అని ముందే చెప్తాను. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించాక ఆ మాట చెప్పడానికి మొహమాటం కూడా పోయింది.

మంచూరియా అన్న ప్రాంతానికీ ఈ వంటకానికీ సంబంధం లేదు. కలకత్తాలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి చికెన్ మంచూరియన్ చేశాడని చెప్తారు. అంటే ఇది మన పోపులోంచే పుట్టిన వంట. ఈ రుచిని మనం ఇంతగా సొంతం చేసుకున్నాం గాని, దాన్ని తెచ్చిన మనుషుల్ని మాత్రం 1962 యుద్ధం తర్వాత శత్రువులన్నాం. వేలమంది చైనా సంతతి వాళ్ళని రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టారు. షిల్లాంగ్ నుంచి కుటుంబంతో సహా అక్కడికి వెళ్ళిన చిన్నపిల్ల మోనికా లియు. తర్వాత కలకత్తా టాంగ్రాలో ఒకటి కాదు, కొన్ని రెస్టారెంట్లకి యజమానురాలైంది. మా వైపు బండ్ల మీద ఆడ యజమాని ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతుంటాను. ఉల్లిపాయలు తరిగే చోట, ప్లేట్లు కడిగే చోట ఆడవాళ్ళు కనిపిస్తారు. మూకుడు దగ్గర మాత్రం కనిపించరు.

తినేవాళ్ళ సంగతీ అంతే. బండి దగ్గర నిలబడి తినేది మగవాళ్ళు. ఆడవాళ్ళకి వచ్చేది పార్సిల్. కవర్లో కట్టి, బండి హ్యాండిల్‌కి తగిలించి, ఇంటికి చేరేసరికి ఆవిరికి చెమర్చి ముద్దైపోయిన పార్సిల్. పిల్లలు తినగా మిగిలింది తల్లికి. మా పిన్ని కూతురు ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తుంది. యాభై దాటింది. ఒకసారి మాటల్లో అంది, "నూడుల్స్ అంటే ముద్దగానే ఉంటాయి కదక్కా, అదేం ఇష్టం నీకు?" ఆ మాట విన్నాక ఆగలేకపోయాను. తీసుకెళ్ళాను.

బండి దగ్గర నిలబడటానికి ఆమె ఒప్పుకోలేదు. "ఎవరైనా చూస్తే?" అంది. సరేనని ఏసీ ఉన్న ఒక 'ఫ్యామిలీ రెస్టారెంట్'కి వెళ్ళాం. కుర్రాడు తలుపు దగ్గరే ఆపి, "ఎంతమందండీ?" అన్నాడు. "ఇద్దరం." "సార్ వస్తున్నారాండీ?" రారని చెప్పాను. టాయిలెట్ పక్కనున్న మూల టేబులు చూపించాడు. మగతోడు లేకపోతే ఫ్యామిలీ కాదన్న సంగతి ఆ బోర్డు మీద రాసి ఉండదు. నూడుల్స్ వచ్చాయి. కాస్త చల్లారినవే. చెల్లెలు రెండు ముద్దలు తిని నా వంక చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. బిల్లు కట్టి లేచి, రోడ్డు దాటి, దగ్గు తెప్పించే బండి దగ్గరికే వెళ్ళాం. ఈసారి ఆమే ముందు నడిచింది.

మాస్టర్ ముప్పై లోపు కుర్రాడు. బండి వంట చేసే ప్రతివాడినీ మాస్టర్ అనే అంటారు. మా చెల్లెలు పదమూడో ఏట నుంచి రేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెడుతూ, జయ బియ్యపు పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్క లాగు లాగితే, సెకన్లలో కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. ఆ మంట హెచ్చుతగ్గులు చేత్తోనే తెలుసుకుంటుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆమెని ఎవరూ ఇంతవరకూ మాస్టర్ అనలేదు. రేకుల మనిషి అంటారు.

తినడం మానేసి మూకుడు వైపే చూస్తోంది. "అది ఎంత బరువుంటుంది బాబూ?" అని అడిగింది.

"ఎత్తి చూడండమ్మా, అలవాటైతే తేలికే," అన్నాడు అతను, మంట తగ్గించి.

ఆమె పమిట బొడ్లో దోపుకుని, మసిగుడ్డతో పిడి పట్టుకుని ఎత్తింది. ఒకసారి ఎగరేసింది. నాలుగు పోగులు కింద పడ్డాయి. పక్కన తింటున్న ఇద్దరు మగవాళ్ళు పక్కకి జరిగారు. "మంట ఇంకా పెంచాలి కదా?" అంది అతనితో. "ఆయ్, పెంచాలండి," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సగం దూరం మాట్లాడలేదు. లొల్ల దాటాక, ఆ మూకుడు ఎక్కడ కొంటారో, గ్యాస్ సిలిండర్ ఎంత పడుతుందో, శనివారాల్లో వాడపల్లి గుడి రోడ్డు మీద బండి పెట్టాలంటే ఎవరిని అడగాలో వరసగా అడగటం మొదలెట్టింది. గుడ్డు లేకుండా, ఉల్లి లేకుండా నూడుల్స్ బాగుంటాయా అనీ అడిగింది. వెల్లుల్లి కూడా ఉండదు కదా, అల్లం ఎక్కువ వెయ్యాలేమో అన్నాను.