అనుపు మెట్ల మీద యవనుల జాడ ఎంత?

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు యాచారం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరుస్తుంది. ఆనకట్ట దాటి ఆంధ్ర వైపు గట్టుమీదున్న అనుపుకు వెళ్తే, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నుంచి పైకి తెచ్చి మళ్లీ కట్టిన కట్టడాలు కొన్ని కనిపిస్తాయి. విహారాల పునాదులు, స్తంభాల వరసలు చూస్తూ నడిచేవాళ్లు ఎక్కువసేపు ఆగేది రంగస్థలం దగ్గరే. నలుచదరంగా మెట్లు, నడుమ చదునైన నేల. ఇది గ్రీకుల పద్ధతిలో కట్టిందన్న మాట అక్కడ అడుగుపెట్టకముందే చెవిన పడుతుంది. గైడు వెంట లేకుండా, రాళ్లనే అడిగి తెలుసుకుందామనుకునే మనిషికి ఈ మాట మొదటి అడ్డంకి అని నా అభిప్రాయం. ఆ మెట్లు గ్రీకులవని చెప్పడానికి ఆధారం చాలదు. యవనులు, అంటే గ్రీకులు మొదలుకొని పడమటి నుంచి వచ్చిన విదేశీయులు, విజయపురికి వచ్చారని చెప్పడానికి మాత్రం మంచి ఆధారాలే ఉన్నాయి. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పడం వల్ల బలమైనది కూడా బలహీనంగా కనిపిస్తోంది.

అక్కడికి వచ్చినవాళ్లు చాలామంది నడిమధ్యన నిలబడి చప్పట్లు కొట్టి వింటారు. శబ్దం స్పష్టంగా పై మెట్టు దాకా వెళ్తే గ్రీకుల శిల్పనైపుణ్యానికి అదే రుజువు అనుకుంటారు. కానీ ఈ కట్టడం పుట్టిన చోటు ఇది కాదు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయలో, ఒక కొండ మొదట్లో అది ఉండేది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. 9 కట్టడాలను ఎత్తైన చోటికి తరలించి మళ్లీ నిలబెట్టారు. శబ్దం ఎలా వినిపిస్తుందన్నది మెట్ల మీద మాత్రమే ఆధారపడదు. వెనకున్న కొండ, నేల వాలు, చుట్టూ ఉన్న గోడలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ చోటు ఇప్పుడు నీటి అడుగున ఉంది. కాబట్టి నేడు అనుపులో వినిపించే శబ్దం, ఆ మెట్లు కట్టిన క్రీ.శ. 3వ శతాబ్దం గురించి సాక్ష్యం చెప్పలేదు. అలాగైతే తరలించడమే దండగ కదా అంటే, కాదు. మెట్లు నాలుగు వైపులా ఉండటం, లోపల ఇటుక పెట్టి పైన రాతి పలకలు పరచడం, నడిమి నేల ఆకారం, ఇవన్నీ కొలిచి తెచ్చినవి. సాక్ష్యం ఆకారంలో ఉంది.

ఆకారం ఏం చెబుతోంది? గ్రీకు రంగస్థలం సాధారణంగా కొండవాలున అర్ధవృత్తంగా ఉంటుంది. మన వైపున్న గ్రీకు నగరాల్లో ఇలాంటిది ఆఫ్ఘనిస్తాన్‌లోని అయ్ ఖనూమ్‌లో బయటపడింది. విజయపురిది చతురస్రానికి దగ్గరి రూపం. విషయం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు: నేటి తుర్కియేలోని ప్రియీనే నగరంలో సభాభవనం దాదాపు చదరంగానే ఉంది, మూడు వైపులా మెట్లు కూడా ఉన్నాయి. అది నిజమే, అందుకే చదరం కాబట్టి గ్రీకుది కాదని నేను అనను. అయితే మెట్లున్నాయి కాబట్టి గ్రీకుదే అన్న వాదన కూడా అంతే నిలవదు. అయ్ ఖనూమ్ క్రీ.పూ. 2వ శతాబ్దంలోనే పాడుపడింది. దానికీ కృష్ణ లోయకూ మధ్య సుమారు 400 ఏళ్ల ఎడం ఉంది. ఆ ఎడాన్ని కలిపే కట్టడమేదీ చూపించకుండా వారసత్వం అంటగట్టడం సరికాదు. మరోపక్క, ప్రేక్షకుల కోసం ఇటుకతో, కర్రతో మెట్లలాంటి ఆసనాలు కట్టాలని నాట్యశాస్త్రం రెండో అధ్యాయం చెబుతోంది. విజయపురి మెట్ల లోపల ఉన్నదీ ఇటుకే. మెట్ల ఆసనాల ఆలోచన కోసం సముద్రం దాటి వెళ్లనక్కరలేదు. కానీ ఇదీ పూర్తిగా పొసగదు. నాట్యశాస్త్రం చెప్పేది ప్రేక్షకులు ఒక వైపు, నటులు ఒక వైపు ఉండే ప్రేక్షాగృహం. నాలుగు దిక్కులా జనం కూర్చుంటే నటుడు ఎప్పుడూ కొందరికి వీపు చూపించాల్సిందే. మల్లయుద్ధానికో, ఆటపాటలకో ఈ నేల ఎక్కువ అనువు. అందుకే నాటకశాల అన్న పేరు కూడా తొందరపాటే అనిపిస్తుంది.

మరి యవనులెక్కడ? జలాశయం నడుమ ఉన్న ద్వీపం మీది మ్యూజియంలో వెతకాలి. రాజప్రాసాదం ఉన్న చోట దొరికిన ఒక స్తంభం మీద గడ్డంతో, అర్ధనగ్నంగా, చేతిలో పానకొమ్ము పట్టుకున్న మనిషి ఉన్నాడు. గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్ రూపమే శిల్పి మనసులో ఉందని చాలామంది ఒప్పుకుంటారు. రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలపు బంగారు నాణెం ఈ లోయలో దొరికింది. అన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది ఆభీర రాజు వసుసేనుడి 30వ పాలనా సంవత్సరపు శాసనం. అష్టభుజస్వామి విగ్రహ ప్రతిష్ఠ జరిపినవారిలో సంజయపురికి చెందిన యోనరాజులు, అంటే యవన రాజులు, ఉన్నారని అది చెబుతోంది. అవంతి శకుడు, వనవాసి శాతకర్ణి వాళ్ల పక్కనే ఉన్నారు. అప్పటికి యవనులన్న పేరు పడమటి నుంచి వచ్చిన ఎవరికైనా చెల్లేది, వాళ్లు అచ్చమైన గ్రీకులని ఎలా అంటారని అడగవచ్చు. అనలేను, అనక్కరలేదు కూడా. విదేశీ మూలం ఉన్న పాలకులు కృష్ణ ఒడ్డున అష్టభుజస్వామి అయిన విష్ణువు ప్రతిష్ఠలో పాలుపంచుకున్నారు. విదిశ దగ్గర బేస్‌నగర్‌లో వాసుదేవుడికి గరుడధ్వజం ఎత్తించిన గ్రీకు రాయబారి హెలియోడోరస్ తోవలోనే వీళ్లూ నడిచారు. వాళ్లను శిల్పులుగా ఊహించి మెట్ల మీద వెతికితే ఈ సంగతి కనపడదు.

గ్రీకు అన్న మాట ఉంటేనే జనం వస్తారని కొందరు అంటారు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోతే వాళ్లకు దక్కిందేమిటి? నడక క్రమాన్ని తిప్పితే చాలు. ముందు లాంచీలో ద్వీపానికి వెళ్లి, మ్యూజియంలో లోయ నమూనా చూసి, కోట, గుళ్లు, విహారాలు, ఘాట్లు ఎక్కడెక్కడ ఉండేవో మనసులో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత అనుపుకు రావాలి. మెట్ల దగ్గర పెట్టే బోర్డు మీద ఇది అసలు ఎక్కడ ఉండేదో, ఇప్పుడు అది నీటికింద ఏ దిక్కున ఉందో, ఏ రాయి పాతదో ఏది కొత్తదో రాయాలి. దాని కిందే యోనరాజుల శాసన పాఠాన్ని, తెలుగు తాత్పర్యంతో పాటు చెక్కించాలి.