టొమాలిస్ అఖాతంలో రెండు రోజులు

కయాక్ అన్నది ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనుల మాట. కట్టెల చట్రం మీద సీలు చర్మం బిగించి, వేటగాడు తన ఒంటికి సరిపోయేలా కట్టుకునే పడవ అది. దీనికి తెలుగు మాట కట్టాలని కొంత ప్రయత్నించాను. దోనె అందామంటే అది మాను తొలిచి చేసేది, పుట్టి గుండ్రనిది, తెప్ప కట్టెలు కలిపి కట్టినది. చివరకు కయాకు అనే ఉంచాను. మంచి మాట స్ఫురించిన మిత్రులు చెబితే సంతోషిస్తాను.

2025 ఆగస్టు 23, 24 తేదీలలో మా అబ్బాయి నన్ను టొమాలిస్ అఖాతానికి తీసుకువెళ్ళాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు వాయవ్యంగా, సుమారు 15 మైళ్ళ పొడవు, ఒక మైలు వెడల్పు గల నీటిపాయ అది. పడమట పాయింట్ రేస్ ద్వీపకల్పం డాలువలె అడ్డు నిలిచి పసిఫిక్ అలలను ఆపుతుంది. దాని అడుగునే శాన్ ఆండ్రియాస్ భ్రంశరేఖ పోతున్నది. 1906 నాటి భూకంపంలో దగ్గరలోని ఒలీమా వద్ద ఒక కంచె 15 అడుగులకు పైగా పక్కకు జరిగిందట. తూర్పు గట్టున కారు నిలిపి పడమటి గట్టున గుడారం వేసుకుంటే, కారు ఉత్తర అమెరికా ఫలకం మీద, మనం పసిఫిక్ ఫలకం మీద!

నేను దివిసీమవాణ్ణి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో, సముద్రపు ఒడ్డు పల్లెలో కాపురమున్న మా అక్కయ్య, చంకలోని ఏడు నెలల పాపతో సహా కొట్టుకుపోయింది. నాకప్పుడు పదహారేళ్ళు. నాన్నగారూ నేనూ అయిదు రోజులు వెతికాము. దొరకలేదు. ఆ తరువాత మాఘ పౌర్ణమికి ఊరంతా హంసలదీవి సాగరసంగమానికి స్నానానికి పోతే, నేను వేణుగోపాలస్వామి గుడి దాకా పోయి మరలి వచ్చేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు తరగతి గదిలో సముద్రవర్ణనలు చెప్పినవాణ్ణి, మోకాటి లోతు ఉప్పునీటిలో అడుగు పెట్టలేదు. మా అబ్బాయికి ఈ సంగతి ముక్కలు ముక్కలుగానే తెలుసు. "నాన్నగారూ, అక్కడ అలలుండవు" అన్నాడు. అంతకుమించి బలవంతపెట్టలేదు.

మాది ఇద్దరి పడవ. ముందువాడు తెడ్డుకు లయ పట్టాలి, వెనుకవాడు చుక్కాని చూసుకోవాలి. నన్ను ముందు కూర్చోబెట్టి "మీరు లెక్క పెట్టండి" అన్నాడు. మధ్యాహ్నం వాయవ్యపు గాలి లేస్తుంది కనుక ఉదయమే దాటాలి. మొదట మత్తకోకిల అనుకున్నాను. ఎడమ, కుడి తెడ్డుకు ఆ నడక కుదరలేదు. కందానికి మారాను. అన్నీ నాలుగు మాత్రల గణాలే, గణానికొక వేటు. మూడు, అయిదు, మూడు, అయిదు... పద్యానికి పదహారు వేట్లు. కళ్ళు తెడ్డు మీదనే ఉంచి లెక్కపెడుతూ పోయాను. అవతలి తీరం చేరేసరికి డెబ్బై పైచిలుకు కందాలైనాయి. (ఆరవ గణం నియమం అడగకండి!)

అక్కడ రాత్రి ఉండాలంటే ముందుగా అనుమతిపత్రం తీసుకోవాలి. మంచినీళ్ళు దొరకవు, మోసుకుపోవాలి. మరుగుదొడ్డి లేని తీరమైతే మలాన్ని సైతం డబ్బాలో తిరిగి తెచ్చుకోవాలి. శౌచవిధులను గురించి మన ధర్మశాస్త్రాలు ఇంత దూరం ఆలోచించలేదు! మేము దిగిన మార్షల్ బీచిలో దొడ్డి ఉండడం నా అదృష్టం. పోటు ఎక్కడి దాకా వస్తుందో చూసి దానికి పైన గుడారం వేశాము. ముందునాడు మా ఇంటావిడ పోలాల అమావాస్య నోముకుని కట్టి ఇచ్చిన గారెలు, బూరెలు మూత బిగించి దాచాము. రకూన్లనే జంతువులు రాత్రివేళ తిండి దోచుకుపోతాయి.

చీకటి పడ్డాక మా అబ్బాయి నన్ను నీటి అంచుకు తీసుకువెళ్ళి ఒక కర్రతో నీటిని కదిలించాడు. నీలికాంతి పాకింది. నీరు కదిలినప్పుడు వెలిగే ఏకకణ జీవులట. వెన్నెల లేని రాత్రులలోనే బాగా కనబడతాయి. బడబాగ్ని అంటే ఏమిటని పిల్లలడిగితే, ఆడగుర్రపు ముఖంతో సముద్రగర్భంలో మండే నిప్పు అని చెబుతూ వచ్చాను. ఇది చల్లగా ఉంది. చేపపిల్ల కదిలినా ఒక గీత వెలిగేది.

"అత్తయ్య పేరేమిటి నాన్నగారూ?" అన్నాడు.

అమ్మ ఏడుస్తుందని మా ఇంట ఆ పేరు పలకడం మానుకున్నాము. అమ్మ పోయాక ఎవరూ అడగలేదు. నలభై ఎనిమిదేళ్ళు. ఇద్దరి పేర్లూ చెప్పాను. వాడు ఒకసారి మెల్లగా పలికాడు.

రాత్రివేళ తర్పణం శాస్త్రసమ్మతం కాదు. నువ్వులు లేవు, దర్భ లేదు. అయినా మోకాటి లోతుకు దిగి, ఒకరికి మూడు, మరొకరికి మూడు దోసిళ్ళు వదిలాను. వేళ్ళ సందుల నుండి నీరు వెలుగుతూ జారింది. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. మా అబ్బాయి తువ్వాలుతో వచ్చేదాకా కాళ్ళు తిమ్మిరెక్కిన సంగతే తెలియలేదు.

ఆదివారం గాలి ముందే లేచింది. జానెడు అలలు పడవ పక్కను కొట్టాయి. కందం నిలవలేదు, వెనుక నుండి వాడు "ఒకటి, రెండు" అని అరుస్తుంటే దాని ప్రకారం తెడ్డు వేశాను. నడిమధ్యలో ఒక సీలు తల పైకెత్తి మమ్మల్ని తేరిపార చూసి మునిగిపోయింది.

గట్టున బట్టలు పిండుకుంటూ, వచ్చే అమావాస్య ఎప్పుడని అడిగాడు. పంచాంగం చూడనక్కరలేకపోయింది. సెప్టెంబరు 21, ఆదివారం, మహాలయ అమావాస్య అని చెప్పాను.