గ్రేవీ అనకండి సామీ

మొన్న నెల్లూరులో ఒక హోటల్లో చేపల పులుసు కలుపుకుని తింటున్నా. వడ్డించే కుర్రాడు వచ్చి, "ఇంకొంచెం గ్రేవీ వెయ్యమంటారా సార్?" అన్నాడు. ముద్ద గొంతులోనే ఆగిపోయింది. పులుసును పట్టుకుని గ్రేవీ అంటాడా, అదీ నెల్లూరులో! వాడిననడం ఎందుకులెండి, ఇప్పుడు అందరికీ అన్నీ గ్రేవీలే. ఇగురూ గ్రేవీయే, పులుసూ గ్రేవీయే, చివరికి గుత్తివంకాయ కూడా గ్రేవీలోనే ఈదుతోంది.

గ్రేవీ అంటే ఏందో తెలుసు కాబట్టే నాకు కోపం. డాలస్‌లో ఉండే మా మేనల్లుడు ఏటా నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్‌కి, టర్కీ కోడిని ఓవెన్‌లో కాలుస్తాడు. మొదటేడు ఫోన్ చేసి, "మామా, కోడి రంపంపొట్టు అయిపోయింది" అని వాపోయాడు. నేనేం చెప్పను? తర్వాత వాడే నేర్చుకుని నాకు పాఠం చెప్పాడు. ఆరు కిలోల కోడిని ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మారిస్తే మంచు వదలడానికే మూడు రోజులు. ముందురోజు రాత్రే ఉప్పు పట్టించాలి. రొమ్ముకండ తొందరగా ఉడుకుతుంది, తొడ ఆలస్యం చేస్తుంది. తొడ కోసం ఆగితే రొమ్ము ఎండుతుంది. చిక్కంతా అక్కడే. అందుకని కండలోకి థర్మామీటరు గుచ్చి, 74 డిగ్రీల సెల్సియస్ చూపించగానే దించెయ్యాలి. దించాక అరగంట దాని జోలికి పోకూడదు, పోతే రసమంతా బల్లపాలు. ఇక పళ్ళెంలోకి కారిన కొవ్వులో మైదా వేయించి, కోడి మెడా కందనకాయా ఉడికించిన నీళ్ళు పోసి చిక్కబరిస్తే, అదీ గ్రేవీ. పొడి కండ గొంతు దిగడానికి పైన పోసుకునే తడి. మర్యాద గల పదార్థమే, కాదనను.

ఆ కోడి పేరుకే నిలకడ లేదు. పుట్టింది అమెరికా ఖండంలో. ఇంగ్లీషువాళ్ళు దానికి టర్కీ అని పేరు పెడితే, టర్కీవాళ్ళు 'హిందీ' అని మన మెడకు చుట్టారు. 1612లో గోవా నుంచి ఒకటి వస్తే జహంగీరు పాదుషా మురిసిపోయి తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత దాని బొమ్మ గీయించుకున్నాడు. వండించుకోవాలని మాత్రం అనిపించలేదేమో.

పులుసు వేరు సామీ. పులుసును ముక్క మీద పోయరు, ముక్కే పులుసులోకి దిగాలి. మైపాడు నుంచి చేపలామె తట్టలో వంజరం తెచ్చిన రోజు మా ఇంట్లో ఇంకో పని సాగేది కాదు. మా అమ్మ మట్టిదాకలో నువ్వులనూనె కాచి, తాలింపు వేసి, చింతపండు పులుసు పోసి, అది తెర్లి నూనె పైకి తేలాక గానీ ముక్కలు వేసేది కాదు. వేశాక గరిట పెట్టనిచ్చేది కాదు. మసిగుడ్డతో దాకను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పేదంతే. మామిడికాయ ముక్కలు, వేయించి దంచిన మెంతులూ ఆవాల పొడీ చివరాఖర్న. అన్నీ అయ్యాక అసలు శిక్ష: ఆ రాత్రికి తినకూడదు! పులుపు ముక్కకు పట్టాలంటే ఒక రాత్రి పడుతుందనేది. మాకేమో పప్పుచారు వడ్డించి, దాక మీద మూకుడు, మూకుడు మీద రుబ్బురోలు పొత్రం పెట్టి పడుకునేది. ఇల్లంతా ఆ వాసనే, నిద్ర ఎట్లా పడుతుంది?

ఒకసారి మా చిన్నాన్న అర్ధరాత్రి లేచి, చప్పుడు కాకుండా పొత్రం దించి, నాలుగు ముక్కలు లాగించేశాడు. పొద్దున మా అమ్మ దాకలోకి చూసింది, ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆయన కంచంలో వరసగా మామిడికాయ ముక్కలే వేసింది. ఆయన తల వంచుకుని తిన్నాడు. ఎప్పుడూ ఆయనకే వేసే తలకాయ ముక్క ఆరోజు నాకు పడింది.