మసిబారిన బాల్యానికో మ్యూజియం

మ్యూజియం అంటే రాజుల కత్తులూ కిరీటాలే గుర్తొస్తాయి. ఇటలీలోని శాంటా మారియా మజ్జోరెలో మాత్రం ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేసే పనిముట్లను భద్రంగా దాచారు. స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో, విజెజ్జో లోయలో ఉందీ ఊరు. ఒకప్పుడు ఇక్కడి పేద పిల్లలు మిలాన్ లాంటి నగరాలకు వలసపోయేవారు. పెద్దవాళ్లు పట్టని ఇరుకు గొట్టాల్లో మోచేతులూ మోకాళ్లూ ఆనించి పైకెక్కుతూ మసి గీకేవారు. ముఖానికి గుడ్డ ముసుగు, చేతిలో ఇనుప రేకు... అంతే! గీకకపోతే పేరుకున్న మసి అంటుకుని ఇల్లే తగలబడొచ్చు మరి. తాడుకు కట్టి పైకప్పు మీంచి దింపే, ముళ్లపందిలాంటి ఇనుప రేకుల బంతి వాడకం పెరిగాక పిల్లలు గొట్టాల్లోకి దూరాల్సిన అవసరం తగ్గింది. ఇప్పుడైతే కెమెరాలే లోపలికి దిగి పగుళ్లు వెతుకుతున్నాయి. ఏటా సెప్టెంబరులో ఎన్నో దేశాల చిమ్నీ కార్మికులు ఈ ఊరికొచ్చి బ్రష్షులు భుజాన వేసుకుని ఊరేగుతారు.