కరందెణియలో దాల్చిన వలిచేచోట

కరందెణియ దగ్గర ఓ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి పని జోరు మీదుంది. శ్రీలంకలో దాల్చినచెక్కకు గాలే జిల్లా పెట్టింది పేరు. పొద్దున్నే కొట్టుకొచ్చిన పచ్చి కొమ్మల పైబెరడును ఇద్దరు ఆడవాళ్లు గీకేస్తున్నారు. చాపమీద కూర్చున్న పెద్దాయన ఆ కొమ్మను ఇత్తడి కడ్డీతో గట్టిగా రుద్దుతున్నాడు. రుద్దితేనే లోపలి పొర కర్రను వదులుతుంది. రెండు పక్కలా నిలువుగా గాటు పెట్టి కత్తిమొనతో లేపితే పల్చటి బెరడు చిరగకుండా ఊడొస్తుంది. ఒకదానిలో ఒకటి దూర్చి, లోపల తునకలు కూరి, 42 అంగుళాల గొట్టం చేస్తారు. ఆరబెట్టడం నీడలోనే, ఎండ తగిలితే వంకరపోతుంది. 6 మిల్లీమీటర్ల లోపు సన్నగా వస్తే ‘ఆల్బా’ రకం, అన్నిటికన్నా ఖరీదైనది.

నేను వెళ్లింది మాత్రం షుగర్ సంగతి అడుగుదామని. షుగరుందంటే దాల్చిన కషాయం తాగమనని చుట్టం మనకెక్కడున్నాడు! ఈ ప్రచారానికి బలమిచ్చింది 2003లో వెలువడిన పెషావర్ పరీక్ష. 60 మంది షుగర్ రోగుల్లో సగం మందికి రోజుకు 1, 3, 6 గ్రాముల చొప్పున 40 రోజులు ఇచ్చారు. పరగడుపు షుగర్ 18–29 శాతం, చెడు కొలెస్ట్రాల్ 7–27 శాతం తగ్గాయని రాశారు. అయితే అక్కడ వాడింది కాసియా అనే మరో రకం చెక్క. ఈ షెడ్డులో వలిచే చెట్టే వేరు. మన కిరాణాకొట్లలో బిర్యానీకి దొరికే మందపాటి చెక్క ఎక్కువగా ఆ కాసియానే.

తర్వాతి పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2012లో కాక్రేన్ సమీక్ష 10 పరీక్షలను కలిపి చూసి, ఆధారాలు చాలవని తేల్చింది. మరుసటి ఏడాది మరో సమీక్షలో పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనబడినా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చెక్క సారంలోని పాలీఫినాల్స్ ఇన్సులిన్‌కు తోడ్పడతాయన్నది ప్రయోగశాలలో కణాల మీద చూసిన మాట. దాన్ని చూపించి సీసాలు అమ్మడం నాకు నచ్చదు.

అసలు చిక్కు కూమరిన్ అనే పదార్థంతో. కాసియా పొడిలో గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాములుంటుంది. యూరప్ పెట్టిన హద్దు, ఒంటి బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 2 గ్రాములతోనే హద్దు నిండుతుంది. అలా ఏళ్ల తరబడి మింగితే కొందరికి కాలేయం దెబ్బతినవచ్చు. ఈ షెడ్డులో వలిచే సింహళ చెక్కలో కూమరిన్ నామమాత్రం.

మా డ్రైవర్ చేత పెద్దాయనను అడిగించాను. ఆయనకూ షుగరుందట. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే మెట్‌ఫార్మిన్ రెండు పూటలా వేసుకుంటాడట. మరి చెక్క? రాలిన తునకలు టీలో వేసుకుంటాడట, వాసనకి. ఆల్బా వేసుకోరా అంటే నవ్వి, అది అమ్మడానికన్నాడు.