మా కుందేలు నేర్పిన పాఠము

గత సంవత్సరము చీడికాడలోని మా యింటికి ఒక తెల్లని కుందేలుపిల్లను దెచ్చుకొంటిమి. అది క్రొత్తచోట బెదరి మూల నొదిగియుండగా, జాలిపడి, పిల్లలును మేమును క్యాబేజీ ఆకులు, అరటిపండు, తుదకు అనకాపల్లి బెల్లపుముక్కయు బెట్టితిమి. మూడవనాటికి దానికి విరేచనములు పట్టెను, పొట్ట యుబ్బెను, మేత ముట్టదాయెను.

పశువైద్యునియొద్దకు గొనిపోగా, ఆయన మమ్ము నిందింపక, "ఇంతకుముం దిది యేమి తినుచుండెను?" అని మాత్రమే యడిగెను. ఆ మాట తెచ్చుకొన్ననాడే యడుగనందుకు సిగ్గుపడితిమి. కుందేలు వాంతి చేసికొనజాలదనియు, దాని ప్రేవులలో గడ్డిని జీర్ణముచేయు సూక్ష్మజీవులు గలవనియు, తీపియు, మేతలో హఠాత్తుగా వచ్చిన మార్పును వానికి హాని చేయుననియు, ఒక్కదినము మేత మానినను ప్రాణాపాయము కలుగవచ్చుననియు ఆయన తెలిపెను.

మందుతోబాటు ఎండుగడ్డియు మంచినీరును మాత్రమే యుంచితిమి. ఆ రాత్రి పిల్లలు నిద్రపోలేదు. తెల్లవారుజామున గడ్డి నమలు చప్పుడు వినబడెను. నేటికిని ఎండుగడ్డియే దాని ముఖ్యాహారము. ఆకుకూరలు ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయుచున్నాము.

విద్యార్థులారా, జాలి మంచిదే. కాని తెలియని జాలి విషమగును. తరగతిలో క్రొత్తగా చేరిన బాలుని సయితము మే మిప్పుడు, పాఠము మొదలిడకముందే, "ఇంతవరకు నీ వేమి చదివితివి?" అని యడుగుచున్నాము.