తాళంచెవి చేతికిచ్చే సీమ

రాయలసీమ అనగానే సినిమా ప్రియులకు ముందుగా గుర్తొచ్చేదేమిటి? దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలు, గాల్లోకి ఎగిరే మనుషులు, తొడగొట్టే హీరో! 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', 'ఇంద్ర'... ఇలా వరసపెట్టి వచ్చిన సినిమాలు చూసి, కడప, కర్నూలు అంటే పొద్దుగూకితే తలుపు తీయని ఊళ్లనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 'ఒక్కడు' (2003)లో మహేష్‌బాబు, ప్రకాష్‌రాజ్ తలపడిన కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి ఫొటో దిగి, ఆ సాయంత్రం బస్సుకే తిరుగుముఖం పట్టిన కుర్రాళ్లను నేనే చూశాను.

అన్నట్టు, 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డిగారు పుట్టింది కూడా ఈ సీమలోనే, పులివెందుల దగ్గర కొత్తపల్లెలో! ఆ మాట మాత్రం ఎవరికీ గుర్తుండదు.

నాకు పరిచయమైన సీమ వేరు. పట్టుమని పది నిమిషాల పరిచయం లేని నా చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి, "కుక్కకు పొద్దుగూకకముందే అన్నం పెట్టు నాయనా" అని చెప్పి, తిరుపతి బస్సెక్కే సీమ అది!

విషయమేమిటంటే, ఇంటివాళ్లు ఊరెళ్తారు. మనం వాళ్లింట్లో ఉంటాం. అద్దె లేదు, జీతమూ లేదు. బదులుగా ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి, ఇంట్లోని మూగజీవాలకు వేళకు తిండీ నీళ్లూ చూడాలి. పడమటి దేశాల్లో ఇదొక పెద్ద పద్ధతిగా స్థిరపడింది. బ్రిటన్‌లో 2010లో 'ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్' అనే సంస్థే పుట్టింది. ఏడాదికింత అని చందా కట్టి చేరితే ఇల్లున్నవాళ్లనీ, ఊళ్లు తిరిగేవాళ్లనీ కలుపుతుంది. మన దగ్గర చందాలూ గిందాలూ లేవు. ఒక మాస్టారు ఇంకో మాస్టారికి చెప్తే, ఆయన వాళ్ల చెల్లెలికి చెప్తే... అంతా నోటిమాట మీదే నడుస్తుంది. పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతికే నాబోటివాడికి లాడ్జి ఖర్చు మిగలడమంటే మాటలా చెప్పండి!

ఈ పద్ధతిలో ప్రయాణం చేద్దామని ఉబలాటపడే కుర్రకారు కోసం కొన్ని సంగతులు.

అచ్చమ్మగారి అరుగు

ఆ మాటకొస్తే ఈ గడ్డ మీద ఇందుకు మూలపురుషుడెవరో తెలుసా? సాక్షాత్తూ పోతులూరి వీరబ్రహ్మంగారు! 1984లో ఎన్.టి.రామారావుగారు తానే నటించి, దర్శకత్వం వహించిన 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' చూసినవాళ్లకు కథ తెలిసే ఉంటుంది. దేశాటన చేస్తూ బనగానపల్లె చేరిన బ్రహ్మంగారు ఓ రాత్రి గరిమిరెడ్డి అచ్చమ్మగారి అరుగు మీద పడుకున్నారట. తెల్లారాక ఆవిడ ఆయనకు తన ఆవుల్ని అప్పగించింది. ఆయన వాటిని రవ్వలకొండకు తోలుకుపోయి, చుట్టూ పుల్లతో ఓ గీత గీసేవారట. ఆవులు ఆ గీత దాటేవి కావు. ఆయన గుహలో కూర్చుని కాలజ్ఞానం రాసుకునేవారు. "నీ పశువుల్ని గాలికొదిలేశాడమ్మా" అని ఎవరో చెబితే, అచ్చమ్మగారు వెనకాలే వెళ్లి చాటుగా చూసిందని కూడా చెబుతారు.

ఈ కథలో మనకు రెండు పాఠాలున్నాయి. ఇంటి యజమానికి అనుమానం సహజం, దానికి ముఖం ముడుచుకోకూడదు. అచ్చమ్మగారంతటి ఇల్లాలికే తప్పలేదు! కాబట్టి వాళ్లు అడక్కముందే రోజుకో ఫొటో ఫోనులో పంపండి. తిన్న గిన్నె పక్కన కుక్క, గాటికాడ గొడ్డు... ఇంతే చాలు, వాళ్లు అక్కడ హాయిగా నిద్రపోతారు. ఇక రెండో పాఠం. ముందు గీత గియ్యాలి, తర్వాతే కాలజ్ఞానం! జీవాల సంగతి తేలాకే మన షికార్లూ, మన రాతలూ. గీత గీస్తే ఆగే ఆవులు ఈ రోజుల్లో లేవు సుమండీ.

బ్రహ్మంగారు ఆ తర్వాత కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డారు. అదే కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠం. బనగానపల్లె మాత్రం 2022లో కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లాలో చేరింది.

ఎన్ని నోళ్లు?

ఇల్లు ఒప్పుకునే ముందు మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. ఓ ఇంటివాళ్లు నాతో "ఒక్క కుక్కే సార్, పాపం నోట్లో వేలు పెట్టినా కొరకదు" అన్నారు. తీరా వెళ్లి చూద్దును కదా, ఆ ఒక్క కుక్కా నాలుగు రోజుల కిందటే ఈని ఉంది! పిల్లలు అయిదు. నోట్లో వేలు సంగతి దేవుడెరుగు, వాకిట్లో కాలు పెట్టనిస్తే ఒట్టు. ఇంటివాళ్ల దగ్గర తప్పుడు ఉద్దేశం లేదు. పిల్లలు లెక్కలోకి వస్తాయని వాళ్లకు తోచలేదంతే.

అందుకని ఇంటివాళ్లు ఊరెళ్లడానికి ఒకరోజు ముందే వెళ్లండి. కుక్కకు వాళ్లెదుటే మీ చేత్తో అన్నం పెట్టండి. మొదటి రోజు ముద్ద ముట్టకపోయినా కంగారుపడక్కర్లేదు. నీళ్లు మాత్రం తాగుతోందా లేదా చూసుకోండి. జాలిపడి మన తిండి పెట్టొద్దు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషంతో సమానం. దానికి టీకాలు వేయించారో లేదో ముందే కనుక్కోండి. ఒకవేళ పన్ను గీరుకుంటే, సబ్బుతో ధారగా వచ్చే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికెళ్లి టీకా వేయించుకోండి. పసరు మందుల జోలికి పోవద్దు.

ఎండాకాలం ఇంకో జాగ్రత్త. ఇది కడప బండలకూ, బేతంచెర్ల బండలకూ పుట్టినిల్లు. నేల మీద, అరుగు మీద, వీధిలో ఎక్కడ చూసినా బండలే. మిట్టమధ్యాహ్నం అవి పెనాలే! మీ అరచేతి వెనక వైపు బండమీద ఆనించి చూడండి. అయిదు లెక్కపెట్టేలోగా తీసేయాల్సి వచ్చిందా, కుక్క కాళ్లకూ అంతే. బయటికి తిప్పడం తెల్లవారుజామునే.

నీళ్లొచ్చే వేళ

సీమలో ఇల్లు చూసుకోవడమంటే నీళ్లు చూసుకోవడమే. బంగారం ఎక్కడ దాచారో మీకు చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. కొళాయి ఏ రోజు, ఏ వేళకు వస్తుందో మాత్రం గోడ మీద రాయించుకోండి. కొన్ని వీధుల్లో ఒకసారి పోతే మళ్లీ ఎన్నాళ్లకో! ఆ పూట మీరు గండికోటలో సెల్ఫీలు దిగుతూ కూర్చుంటే, తిరిగొచ్చేసరికి తొట్టి ఎండిపోయి ఉంటుంది. పక్కింటివాళ్లు కాదనకుండా ఇస్తారు, కానీ వాళ్ల పిల్లల నీళ్లు మీరు తాగినట్టే. మండువేసవిలో పాడి ఎనుము ఒక్కటే రోజుకు యాభై, అరవై లీటర్లు గుటకాయ స్వాహా చేస్తుంది. షవర్ కింద నిలబడి పాటలు పాడుకునే అలవాటున్నవాళ్లు దయచేసి ఊటీ వెళ్లండి!

బియ్యం కడిగిన నీళ్లు పారబోయకండి, కుడితిలోకి పోయండి. గాబు అడుగున పాచి పట్టకుండా రెండ్రోజులకోసారి రుద్దండి. పిట్టల కోసం మిద్దెమీద ఓ మూకుడు నీళ్లు కూడా పెట్టారంటే, ఆ ఇల్లాలు మిమ్మల్ని మళ్లీ పిలుస్తుంది.

మేతలోనూ ఓ మెలకువుంది. వానల్లేక వాడిపోయిన లేత జొన్న పైరు, కోశాక మోడు నుంచి లేచిన పిలకలు పచ్చగా ఊరిస్తాయి. పశువు వాటిని తింటే 'నాము' తగులుతుంది. గంటలోపే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇంటివాళ్లు చూపించిన చొప్ప, చెనిక్కాయ కట్టె తప్ప కొత్తది ఏదీ వేయకూడదు. పశువుకు నలతగా ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం కోసం.

గవాచి, తాడు

పాత మిద్దె ఇంట్లో దిగితే ఒకసారి తలెత్తి చూడండి. పైకప్పు మధ్యలో వెలుతురు కోసం వదిలిన కంత కనిపిస్తుంది. దాన్ని గవాచి అంటారు. వాన వస్తే పైకెక్కి మూయాలి. మూత ఎక్కడుందో, నిచ్చెన ఎక్కడుందో పగలే చూసి పెట్టుకోండి.

"ఎండల సీమలో వానేమిటి?" అనకండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్నాన్ని ముంచేశాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లా రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. మనుషులు పోయారు, కట్టుగొయ్యలకున్న గొడ్లూ పోయాయి. అందుకని పశువును ఒక్క లాగుతో ఊడే ముడితోనే కట్టండి. ఆ ముడి ఇంటివాళ్ల దగ్గర నేర్చుకుని, చీకట్లో కూడా విప్పగలనా అని రెండు మూడుసార్లు చూసుకోండి. వరద ముంచుకొస్తే తలుపుకు తాళం వేయడం కన్నా ముందు చేయాల్సిన పని తాడు విప్పడం.

వీధే అసలు కాపలా

'మర్యాద రామన్న' (2010) గుర్తుందిగా? హీరో సునీల్ ఇంటి గడప దాటనంతసేపు అతన్ని చంపకూడదని పగవాళ్లు పళ్లు నూరుతూ కూర్చుంటారు. 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ' స్ఫూర్తితో తీసిందే అయినా, గడప లోపలి మనిషి మన మనిషి అన్న మాట ఈ నేలకు అతికినట్టు సరిపోయింది. చిక్కల్లా, మనల్ని గడప లోపలికి రానిచ్చినవాళ్లు ఊళ్లో ఉండరు! కాబట్టి వీధికి మనం చుట్టం కావాలి.

మొదటి సాయంత్రం ఫోను జేబులో పెట్టి అరుగు మీద కూర్చోండి. "యాడ్నించి వొచ్చినావు సామీ? వాళ్లకేమైతావు?" అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. విసుక్కోకుండా అందరికీ చెప్పండి. రేపు మీకు జ్వరమొస్తే సంగటి ముద్ద తెచ్చేది వాళ్లే. తాళమేసిన ఇళ్ల మీద కెమెరాతో నిఘా పెట్టే ఏర్పాటు మన రాష్ట్ర పోలీసులు తెచ్చారు. మంచిదే. దొంగను కెమెరా పట్టిస్తుంది గానీ, కుక్కకు నీళ్లు పెట్టదు కదా!

ఇక షికార్ల మాట. పాలవేళలు దాటకుండా చూసుకోవాలి. గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలంటే చీకటితోనే బయల్దేరి తొమ్మిదికల్లా వచ్చేయండి. జమ్మలమడుగు నుంచి దగ్గరే. సూర్యాస్తమయం, సాయంత్రం పాలు... రెండూ ఒకే రోజు కుదరవు. బేలం గుహలు మూడు వేల రెండొందల మీటర్ల పైచిలుకు పొడవు. లోపల చల్లగా ఉంటుందనుకుంటారేమో, చెమటతో తడిసి ముద్దవుతారు. బనగానపల్లెలో దిగినవాళ్లు యాగంటి బసవన్నను చూసి, దారిలో ఉగ్గాని, బజ్జీ తిని మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు.

అవ్వ ఆపరేషను

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఓ అవ్వ ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. కొడుకు కువైట్‌లో ఉంటాడు. ఆపరేషనుకు రమ్మని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. డబ్బు లేక కాదు, భయమూ కాదు. "ఎనుమును ఎవురికి ఇడిసిపెట్టి పోయేది?" ఇదొక్కటే ఆమె ప్రశ్న. సగం చూపుతోనే తడుముకుంటూ గాబు నింపుతోంది. ఓసారి జారి పడింది కూడా.

కొడుకు స్నేహితుడి ద్వారా కబురొస్తే ఆరు రోజులకు ఒప్పుకున్నాను. నాకు పాలు పిండడం రాదని ముందే చెప్పాను. పక్కింటి అక్క పిండేట్టు, సగం పాలు ఆమెకు, సగం కేంద్రానికి అని ముందే మాట అనుకున్నాం. అయినా మొదటి పూట ఎనుము చుక్క దించలేదు. అక్క నవ్వి, అవ్వ పాతచీర భుజాన కప్పుకుని, అవ్వ మాదిరే గొణుగుతూ కూర్చుంది. అప్పుడు దించింది!

ఏడో రోజు పొద్దున అవ్వ నల్లకళ్లద్దాలతో ఆటో దిగింది. నాకేసి చూడలేదు, ఇల్లు చూడలేదు. నేరుగా గాటికాడికి పోయి, ఎనుము మొహాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "దీని నుదుటి మింద తెల్లమచ్చ ఇంత పెద్దదా!" అంది.

రెండో కంటికి వచ్చే నెల తారీఖు ఇచ్చారట. ఈసారి ఆ ఆరు రోజులూ మీలో ఎవరైనా వెళ్తానంటే చెప్పండి. అవ్వ రొట్టె బాగా చేస్తుంది, చెనిక్కాయ పచ్చడి ఇంకా బాగా చేస్తుంది. ముడి విప్పడం మాత్రం నేర్చుకుని వెళ్లండి!